తాళం వేసినవాడు

“అదుగో, వాడే!”

చేతిలోని ఐస్‌క్రీమ్ కరిగి మోచేతిదాకా కారుతున్నా వదినకి పట్టలేదు.

బొద్దమ్మ, చిట్టి అటు చూశారు. సముద్రపొడ్డున గొడుగు నీడలో ఒకాయన ఒంటరిగా కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా, ఆఫీసు ప్యాంటు, పక్కన భోజనం డబ్బా. సీసా అడుగంత మందం కళ్ళజోడు.

“మన వంటింట్లో మూతలెత్తి చూసినవాడా?” అంది చిట్టి.

“ఇంకెవడు? ఆ కళ్ళజోడు నాకు కలలోకి కూడా వస్తోంది.”

ముగ్గురూ కలిసి నడుపుకున్న భోజనశాల అది. వదిన వంట, బొద్దమ్మ కూరలు తరగడం, చిట్టి వడ్డన. ఎదురుగా పెద్ద హోటలు లేచినా జనం వీళ్ళ గుమ్మం వదల్లేదు. అంతలో ఒకనాడు మునిసిపాలిటీ ఆఫీసు నుంచి తనిఖీకని ఈయన ఊడిపడ్డాడు. ప్రతి గిన్నె మూతా ఎత్తాడు. గరిటె వాసన చూశాడు. ఒక్క మాట మాట్లాడకుండా వెళ్ళిపోయాడు.

వారం తిరక్కుండా తలుపుకి ఆఫీసు తాళం పడింది. వంటిల్లు మురికిట!

తాళం వేస్తుంటే ఎవరూ చూడలేదు. చూడాలా ఏమిటి? వచ్చినవాడు ఈయనొక్కడే కదా.

ఇప్పుడు బొద్దమ్మ కూతురి దగ్గరికి పోతోంది. చిట్టి ఎక్కడో బట్టల ఫ్యాక్టరీలో చేరుతోంది. ఏటా ఒక్కరోజు సరదాగా వచ్చే సముద్రానికి ఈసారి ఒకరికొకరు వీడ్కోలు చెప్పుకోడానికి వచ్చారు. సాయంత్రం ఎవరి దారి వాళ్ళది.

“రేపట్నుంచి ఎవర్ని తిట్టుకుంటూ తరగాలే నేను?” అని బొద్దమ్మ అప్పటికే రెండుసార్లు ఏడ్చింది.

“పనివేళలో గాలి తింటున్నాడు చూడు, మన పొట్ట కొట్టి!” వదిన పళ్ళు నూరింది.

“పోనిద్దూ వదినా. వాడి పాపాన వాడే పోతాడు,” అంది బొద్దమ్మ.

“వాడెప్పటికి పోవాలే? సాయంత్రం మనం పోతున్నాం!”

ఆయన కళ్ళజోడు తీసి డబ్బా మీద పెట్టాడు. మొహం మీద రుమాలు కప్పుకుని వెనక్కి వాలాడు.

వదిన లేచింది.

“వద్దొదినా!” అని వీళ్ళు అంటూనే ఉన్నారు. ఆవిడ పిల్లిలా వెళ్ళింది, కళ్ళజోడు తీసుకుంది, మోకాలి లోతు నీళ్ళలోకి దిగి బలంకొద్దీ విసిరేసింది.

“మూతలెత్తి చూస్తావూ? ఇప్పుడు చూడు!”

చిట్టి ముందు నోరు మూసుకుంది. తర్వాత కిసుక్కుమంది. ఆ తర్వాత ముగ్గురూ ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. తాళం పడ్డాక అదే మొదటి నవ్వు. వదినకి కడుపులో మంట సగం చల్లారింది.

కాసేపటికి ఆయన లేచాడు. డబ్బా తడిమాడు. ఇసుక తడిమాడు. మోకాళ్ళ మీద చుట్టూ పాకాడు. చివరికి మాటలు వినబడుతున్నవైపు మెల్లగా వచ్చాడు.

“అమ్మా, నా కళ్ళజోడు ఏమైనా కనబడిందా?”

“లేదే! అల పట్టుకుపోయిందేమో సార్,” అంది వదిన, గొంతుకి తేనె పూసుకుని.

“అది లేకపోతే నాకు మనిషికీ స్తంభానికీ తేడా తెలీదు. కాస్త బస్సు దాకా చెయ్యి పట్టుకుంటారా?”

బొద్దమ్మ లేవబోయింది. ఆవిణ్ణి కూర్చోబెట్టి వదినే ఆయన చెయ్యి పట్టుకుంది. జాలి కాదు. దెబ్బ ఎంత గట్టిగా తగిలిందో దగ్గర్నుంచి చూడాలని.

“పనివేళ కదా సార్, ఆఫీసు లేదా?”

“ఆఫీసు నన్ను వద్దనుకుందమ్మా. ఇంటిదానికి ఇంకా చెప్పలేదు. రోజూ డబ్బా పట్టుకుని బయల్దేరి ఇక్కడికొచ్చి కూర్చుంటున్నా.”

ఉద్యోగం ఊడిందా! వదినకి ఎగిరి గంతెయ్యాలనిపించింది. వెనక్కి తిరిగి వాళ్ళిద్దరికీ కన్ను గీటింది.

“రేపు ఒకచోట పనికి రమ్మన్నారు,” అన్నాడాయన. “ఈ కళ్ళతో వెళ్తే ఎవరిస్తారు?”

“ఎవరి పొట్ట కొట్టారో సార్, ఉసురు తగిలింది!” అనేసింది వదిన, ఇక ఆగలేక.

ఆయన నవ్వాడు.

“ఉసురు కాదులెండమ్మా. నా మొండితనం.”

బస్సు వచ్చింది. కండక్టరు ఆయన రెక్క పట్టుకుని పైకి లాగాడు.

“ఏం మొండితనం సార్?” ఆఖరి ముక్క కూడా వినేసి మిగిలిన మంట చల్లార్చుకుందామని అడిగింది వదిన.

బస్సు కదిలింది. ఆయన కమ్మీ పట్టుకుని, ఆవిడ లేని వైపు తిరిగి కేకేశాడు.

“ముగ్గురాడవాళ్ళ భోజనశాల ఒకదానికి తాళం వెయ్యమన్నారమ్మా... అంత శుభ్రమైన వంటింటికి నా చేత్తో వెయ్యనంటే వెయ్యనన్నాను!”