వాలు గట్టు

ఆ అడవిలో కుందేలమ్మ ఇద్దరు పెద్దల ఏలుబడి చూసింది. ఏనుగు పెద్దగా ఉన్నప్పుడు చెరువు అందరిదీ, నీళ్ళు వంతులవారీగా తాగేవాళ్ళు. తర్వాత వచ్చిన అడవిపంది ఎవరి గుంట వాళ్ళనే తవ్వుకోమంది. ఈ ఎండాకాలం చెరువు ఎండిపోయింది, గుంటల్లో నీళ్ళు పందులకే చాలడం లేదు. కొత్తగా పెద్దరికం చేపట్టిన ఎలుగుబంటి అందర్నీ పిలిస్తే, ఏనుగు కాలమే మేలని సగం మంది, పంది కాలమే మేలని సగం మంది అరుచుకున్నారు.

దాహంతో పిల్లల నాలుకలు పిడచకట్టుకుపోవడం చూసి కుందేలమ్మ భయం విడిచి ముందుకొచ్చింది.

"ఏనుగయ్య రోజుల్లో నా వంతు తప్పకుండా వచ్చేది, కానీ వచ్చేసరికి బురదే మిగిలేది. చెరువు లోతు చేద్దామని ఎవరికీ తోచలేదు. పందయ్య రోజుల్లో నీళ్ళు బాగా పడ్డాయి, కానీ ఆ గుంటల్లో దిగితే నేను పైకి రాలేను. చెరువును పందుల్లా లోతుగా తవ్వండి. ఏనుగయ్యలా వంతులు పెట్టండి. ఒకవైపు గట్టు మాత్రం నాలాంటివాళ్ళు దిగేలా వాలుగా ఉంచండి."

అందరికంటే ముందు ఎలుగుబంటే తవ్వడం మొదలుపెట్టింది. ఏనుగులూ పందులూ గొణుక్కుంటూనే సాయం పట్టాయి. నాలుగో రోజుకు నీరు ఊరింది. కుందేలు పిల్లలు వాలు మీదుగా దిగి కడుపునిండా తాగాయి.

"నా ఏలుబడిలో లోటేమిటో వచ్చే ఏడు చెప్పు" అంది ఎలుగుబంటి నవ్వుతూ.

"వచ్చే ఏడు దాకా ఎందుకు? ఒడ్డున నీడ లేదు" అంది కుందేలమ్మ.

మర్నాడు ఎలుగుబంటి ఒక కానుగ మొక్కను నోట కరుచుకుని వచ్చింది.