డెస్ హారన్

అక్షరదోషాలుంటే సర్దుకోండి. రాత ఆలస్యంగా నేర్చుకున్నాను, చెయ్యి ఇంకా నెమ్మదే.

మైదానం చుట్టూ నిలిపిన కార్ల వరసలో, డెస్ తన పాత కారును ఎదుటి ఊరు బీల్బా వాళ్ల వైపు పెట్టాడు. మెడలో మాత్రం సొంతూరు మారన్ క్లబ్బు ఆకుపచ్చ మఫ్లరే. బంతిని చేత్తోనూ పట్టే ఆస్ట్రేలియా ఫుట్‌బాల్‌ను ఇరవై ఏళ్లు మారన్‌కు ఆడినవాడు. తమవాళ్లు గోలు కొడితే కారు హారన్ మోగించడం అక్కడి ఆనవాయితీ; బీల్బా గోలు కొడితే డెస్ హారన్ నొక్కిన పాపాన పోలేదు.

కూతురు బ్రిడీ ఆడేది ఆ బీల్బాకే. మారన్‌లో ఆడపిల్లల జట్టు లేని రోజుల్లో అక్కడ చేరింది, అక్కడే ఉండిపోయింది.

ఆమె మోకాల్లో లిగమెంటు తెగితే, ఆమె తొడ వెనకనుంచే తాడులాంటి నరం తీసి అతికారు. సన్నటి నరం, ఏడాది తిరక్కుండా అదీ తెగింది. కిందటేడు మళ్లీ ఆపరేషన్ చేశారు. మూడోసారి తెగితే ఇక ఆట మాటే ఎత్తొద్దన్నాడు డాక్టరు. ఆ తరవాత ఇదే మొదటి మ్యాచ్. అదీ మారన్ మీద.

బ్రిడీ కారు కిటికీ దగ్గర ఆగింది.

"నాన్నా, పొరపాటున హారన్ నొక్కేవు. మీవాళ్లు వెలేస్తారు."

"ముందు నీ కాలు చూసుకో. మళ్లీ దొరకదు."

ఆట మొదలయ్యాక, ఒకప్పుడు డెస్‌తో కలిసి ఆడిన మెర్వ్ మాంసం కూరిన రొట్టె నములుతూ వచ్చి పక్క సీట్లో కూలబడ్డాడు.

"దారి తప్పావేంట్రా? మనవాళ్లు అటు."

"ఇక్కణ్ణించి బాగా కనిపిస్తుంది."

"ఏంటి, మనం ఓడిపోవడమా? అవునుగానీ, ఆపరేషన్ పిల్లకైతే, కిందటి చలికాలమంతా నువ్వు కుంటుతూ నడిచావేంట్రా?"

"వయసు."

"అది నాకూ వచ్చింది. తిన్నగానే నడుస్తున్నాగా."

బంతి కోసం బ్రిడీ గాల్లోకి లేచింది. మారన్ పిల్లలిద్దరు వచ్చి గుద్దుకున్నారు. ఆ కాలి మీదే పడింది. డెస్ చేతిలో టీ ఒళ్లో ఒలికింది. అతను గమనించలేదు. రెండు చేతులతో తన తొడ పట్టుకుని కూర్చున్నాడు.

బ్రిడీ లేచింది. మోకాలు వంచి చూసుకుంది. పరిగెత్తింది.

చివరి నిమిషం. స్కోరు సమం. గోలు ముందు మళ్లీ ఎగిరి బంతి పట్టింది. అదే కాలితో తన్నింది. బంతి గోలు స్తంభాల మధ్యనుంచి దూసుకుపోయింది.

బీల్బా కార్లన్నీ మోగాయి. అన్నిటికన్నా ఎక్కువసేపు మోగింది డెస్ కారే.

మెర్వ్ నమలడం ఆపేశాడు.

"ద్రోహీ. మనల్ని ఓడించిన గోలుకు హారనా? ఆ మఫ్లర్ ఇటియ్యి."

"నేను మనవాళ్లకే కొట్టాన్రా."

"అది బీల్బా పిల్లరా బాబూ."

"పిల్ల బీల్బాదే," అంటూ డెస్ ఇన్నాళ్లూ క్లబ్బులో ఎవరికీ చూపించని కుట్ల మచ్చ కనబడేలా ప్యాంటు మోకాలి పైకి లాగాడు, "దాని మోకాల్లో ఉన్న నరం మాత్రం నాది."

గంధం వెంకాయమ్మ, 72 ఏళ్లు, ప్రస్తుతం ఉండేది బీల్బాలో.