ఎంబసీ నుంచి ఫోన్

“మళ్ళీ మొదట్నుంచి చెప్పు. ఎక్కడికి పోతున్నావ్?” అని అడిగింది జెరూషా మేడమ్.

“గ్రీసు దేశం మేడమ్. నాక్సోస్, పారోస్, డీలోస్.” సుకన్య ఒక్కో వేలూ మడుస్తూ చెప్పింది.

“వేళ్ళు మడవకు. బట్టీ కొట్టినట్టు గొంతులోనే తెలిసిపోతుంది. ఎందుకు పోతున్నారు?”

“నాక్సోస్‌ల రద్దీ లేని బీచ్‌లు, మంచి తిండి. డీలోస్‌ల పాత గుళ్ళు. ఆరు రోజులు... కాదు, పన్నెండు రోజులు.” సుకన్య నాలుక కరుచుకుంది.

“చూశావా! సరిగ్గా అక్కడే పట్టుకుంటారు.”

మారేడ్‌పల్లిలో డాక్టర్ జెరూషా ఇంటి వంటగది అది. మేడమ్ కొడుకు, మూడేళ్ళ ఆషర్, సుకన్య ఒళ్ళో కూర్చుని పెరుగన్నం తింటున్నాడు. ఇంకెవరి చేత్తో పెట్టినా ఉమ్మేస్తాడు. అందుకే ఈ ప్రయాణానికి సుకన్య రావాల్సిందే అని మేడమ్ పట్టుబట్టింది. దగ్గరుండి పాస్‌పోర్టు తీయించింది. ఆ ఇంటి కారు తోలేది సుకన్య భర్త లక్ష్మణ్. ఇద్దరి బతుకూ ఆ గడప మీదే.

“ఆయా అని తీసుకొస్తే, ఆ మనిషి అక్కడే ఉండిపోతుందేమోనని ఎంబసీ వాళ్ళ భయం. అందుకే ఫోన్ చేసి అడుగుతారు. ఎన్నేళ్ళుగా చేస్తున్నావు, మొగుడేం చేస్తాడు, పిల్లలెంతమంది, జీతమెంత... ఫారంలో మనం రాసిందే నీ నోట్లోంచి రావాలి. ఒక్కటి తేడా వచ్చినా వీసా ఇవ్వరు.”

“తేడా రాదు మేడమ్.”

మేడమ్ ఫోన్‌లో డీలోస్ ఫొటో చూపించింది. ఎండలో వరసగా రాతి సింహాలు. “వింత చూడు. పూర్వం ఈ దీవిలో ఎవరూ పుట్టకూడదని రూలట. నెలలు నిండిన వాళ్ళని పడవెక్కించి పక్క దీవికి పంపేవాళ్ళట.”

సుకన్య ఆ సింహాల వంక చాలాసేపు చూసింది. “మరి చంటిపిల్లల తల్లులు మేడమ్?”

“ఏమో, అది చదవలేదు. అన్నట్టు నీ పాపకి పాలు మాన్పించావా?”

“మా అత్తమ్మ వేపాకు నూరి రాయమన్నది. రాస్తున్న.”

సాయంత్రం లాలాగూడలో వాళ్ళ గదికి రాగానే లక్ష్మణ్ మొదలుపెట్టాడు. “ఎనిమిదిల బడి మానేసినదానివి, ఇమానం ఎక్కుతున్నవ్! ఈ గల్లీల ఇంకెవరన్న ఎక్కిన్రా?”

“ముందు ఫోన్ రానీ.”

“గడబిడ చేసినవంటే రేపటి సంది మేడమ్ ముంగట నా మొకం ఎట్ల వెట్టుకోవాలె?”

“పాపకు పది నెలలే గదా...”

“పన్నెండు రోజులే గదనే! అమ్మ లేదా ఇంట్ల?”

సుకన్య పాపను ఒళ్ళోకి తీసుకుంది. పాప కొంగు పట్టుకు లాగి, వేప చేదు తగిలి, గుక్కపట్టి ఏడ్చింది.

మర్నాడు పదింటికీ పన్నెండింటికీ మధ్య ఫోన్ వస్తుందని చెప్పారు. తొమ్మిదిన్నరకే సుకన్య కిటికీలు మూసింది. ఉయ్యాలకు కట్టిన మువ్వలు ఫ్యాను గాలికి మోగుతాయని విప్పి డబ్బాలో పెట్టింది. పాపను అత్త చేతుల్లో పెట్టింది.

“అత్తమ్మా, పాపను జెర దూరం తీస్కపో. ఫోన్ల ఏడుపు ఇనొస్తే అంతా ఖరాబైతది.”

“గింత పరేషాన్ ఎందుకే బిడ్డా? ఇంట్ల పిల్లలుంటే ఏడ్వరా?” అన్నది జగదాంబ.

“నీ కాళ్ళు మొక్కుత, నేను పిలిచేదాక రాకు.”

పదకొండుంబావుకి ఫోన్ మోగింది. అవతల ఆడగొంతు. హిందీలో అడిగింది. సుకన్య గల్లీలో నేర్చిన హిందీలోనే జవాబు చెప్పింది. నాక్సోస్, పారోస్, డీలోస్. పన్నెండు రోజులు. ఈసారి వేళ్ళు మడవలేదు. మొత్తం ఏడు ప్రశ్నలు. ఒక్కదానికి మాత్రం మంచినీళ్ళు ఒక గుక్క మింగి చెప్పింది.

ఫోన్ పెట్టేసరికి జాకెట్టు చెమటతో తడిసిపోయింది. చెప్పుల్లేకుండానే గల్లీ చివరిదాకా పరుగెత్తి పాపను ఎత్తుకుంది.

“ఎట్లయింది?” అన్నది జగదాంబ.

“అయింది అత్తమ్మా.”

తొమ్మిదో రోజు మేడమ్ ఆ ఇద్దరినీ హాల్లోకి పిలిచింది. చేతిలో కాగితం ఉంది.

“రిజెక్ట్ చేశారు. తిరిగి వస్తావన్న నమ్మకం కలగలేదట. ఏమడిగారు సుకన్యా? ఏమన్నా మర్చిపోయావా?”

“లేదు మేడమ్. అన్నీ యాదికున్నయి.”

లక్ష్మణ్ కారు తాళాల వైపు చూస్తూ తలొంచుకు నిలబడ్డాడు.

“నాకే అర్థం కావట్లేదు. అంత బాగా నేర్చుకున్నావ్. మళ్ళీ పెట్టడానికి టైమ్ కూడా లేదు.” మేడమ్ నిట్టూర్చింది. “పోనీలే, మా చెల్లెలు షెకీనాని రమ్మంటాను. నువ్వు ఏడవకు. నీ తప్పేముంది?”

ఆ మాటకు సుకన్య ఏడుపు ఇంకా ఎక్కువైంది. ఆషర్ వచ్చి ఆమె మోకాళ్ళు పట్టుకున్నాడు. “ఆయా, సముద్రంకి నువ్వు రావా?” అంటే వాడి తల నిమిరింది.

సాయంత్రం లక్ష్మణ్ ఆమెను బండి మీద ఇంటికి తీసుకొచ్చాడు. ఇంటి ముందు బండి ఆపి, “మన నసీబే ఖరాబున్నది,” అని ఒక్కమాట అన్నాడు.

సుకన్య లోపలికి పోయి సబ్బుతో వేప చేదు కడుక్కుంది. మళ్ళీ ఒకసారి కడుక్కుంది. డబ్బాలోంచి మువ్వలు తీసి ఉయ్యాలకు కట్టింది. పాపను ఒళ్ళో వేసుకుంది. పాప అనుమానంగా మొహం చిట్లించి, మెల్లగా నోరు ఆనించి, గుటక వేసింది.

ఆ రోజు ఫోన్‌లో పిల్లలెంతమంది అంటే, ఎవరూ లేరని చెప్పింది సుకన్య.