బండలు ముందా, అలమారలు ముందా

"బండలే ముందు పరచాలమ్మా. అలమారలు బిగించినాక నేను నీళ్లు పోస్తే చెక్కంతా ఉబ్బిపోతాది" అన్నాడు మేస్త్రి నాగేశప్ప.

"బండలేసినాక నా సుత్తి జారి ఒకటి పగిలితే? అప్పుడు నన్నే అంటారు. అలమారలే ముందు" అన్నాడు వడ్రంగి సుబ్రమణి.

పాత గచ్చంతా తవ్వి పోసిన వంటింట్లో ఇద్దరి మధ్యా నిలబడి కాత్యాయని తల పట్టుకుంది. కృష్ణగిరిలోని ఆ ఇంట్లో వంటిల్లు కదిలించి నెల దాటింది. గ్యాసుకు పేరు రాయించి రెండేళ్లయినా వంతు రాలేదు. నడిమింట్లోనే కిరసనాయిలు స్టవ్వు, గిన్నెలు, బియ్యం డబ్బా. కాలు తీసి కాలు పెడితే ఏదో ఒకటి దొర్లుతుంది.

భర్త ద్వారకనాథ్ బట్టల అంగడికి బయలుదేరుతూ తొంగి చూశాడు. "ఇద్దరు చెప్పేదీ న్యాయంగానే ఉండాది."

"నాకు న్యాయం వద్దండీ, వంటిల్లు కావాల" అంది కాత్యాయని. "బండలే ముందు. నాగేశప్పా, బేస్తవారం పని మొదలుపెట్టు."

బేస్తవారం వచ్చింది. నాగేశప్ప రాలేదు. శుక్రవారం లేదు, శనివారం లేదు. ఆదివారం కాత్యాయని బస్సెక్కి అతని ఊరు కుందారపల్లికి పోయింది. అక్కడతను ఎవరిదో గోడ కడుతున్నాడు.

"అలమారలే ముందంట కదమ్మా? నెల పోయినాక రమ్మని మీ ఇంటినుంచి కబురొచ్చింది. అందుకే ఈ పని ఒప్పుకున్నాను."

ఎవరు పంపారని కూడా ఆమె అడగలేదు. మొగుడి మెతకతనం ఆమెకు తెలియంది కాదు.

"మాట మార్చేవాళ్లు నాతో ఒక మాట చెప్పకూడదా?" ఇంటికొచ్చీ రాగానే ద్వారకనాథ్ మీద విరుచుకుపడింది.

"నేనేం మార్చినాను? అంగడి వదిలి కదిలితే కదా!"

"మీరు కాకుంటే ఇంకెవరు? బస్సులో దుమ్ము తిని, ఎండలో ఆడ నిలబడి, వాడు చెప్పింది విని వచ్చినాను!"

అత్త సీతమ్మ గోడకు ఆనుకుని అనపకాయలు ఒలుస్తోంది. ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. మళ్లీ కాయలు ఒలవడంలో పడింది.

"సరే, అలమారలే ముందు. ఏదో ఒకటి ఏడవనీ" అని కాత్యాయని అప్పటికప్పుడు సుబ్రమణికి చెప్పి వచ్చింది. బుధవారం పొద్దున్నే వస్తానన్నాడతను.

బుధవారం పదయింది, పదకొండయింది. కాత్యాయని చెప్పులేసుకుని రెండు వీధుల అవతల ఉన్న అతని కొట్టానికి పోయింది. సుబ్రమణి ఎవరిదో తలుపుకు చిత్రిక పడుతున్నాడు.

"ఏమప్పా, నీకు బుధవారమంటే ఏదో తెలుసా?"

"అదేందమ్మా, బండలే ముందని ఖాయమైందంట కదా? అవి ఆరినాక రమ్మన్నారు."

ఈసారి ఆమె అడిగింది. "ఎవురన్నారు?"

సుబ్రమణి చిత్రిక ఆపి వింతగా చూశాడు. "మీ అత్తే, పెద్దమ్మ. నిన్న ఈడిదాకా నడిచొచ్చి చెప్పిపోయింది."

కాత్యాయనికి ఒళ్లు మండిపోయింది. నెల నుంచి పడిన అవస్థంతా కళ్ల ముందు తిరిగింది. అనవసరంగా మొగుణ్ణి తిట్టిన తిట్లు కూడా గుర్తొచ్చాయి. విసవిసా ఇంటికి నడిచింది.

ద్వారకనాథ్ భోజనానికి వచ్చి ఉన్నాడు. సీతమ్మ నడిమింట్లో మూడు ఆకులు పరిచి నీళ్లు చల్లుతోంది.

"అత్తా! సుబ్రమణిని రావద్దన్నది మీరేనా?"

సీతమ్మ తలెత్తలేదు. "అవునమ్మా."

"మేస్త్రికి కబురు పంపింది?"

"అదీ నేనే."

ద్వారకనాథ్ తెల్లబోయాడు. "ఏమ్మా ఇది? వంటిల్లు బాగుపడేది నీకు ఇష్టం లేదా?"

"మీకు ఇష్టం లేకుంటే ముందే చెప్పుంటే సరిపోయేది కదా!" కాత్యాయని గొంతు పెరిగింది. "నన్నెందుకు వీధులెంబడి తిప్పినారు?"

సీతమ్మ చేతిలోని చెంబు కింద పెట్టింది.

"ముప్పై ఎనిమిదేండ్లు మీరంతా తిని లేచినాక, ఆ వంటింట్లో ఒక్కదాన్నే కూచొని చల్లారింది తిన్నానమ్మా. పొయ్యి ఈడికొచ్చినాకే కదా, నాకు కూడా మీ పక్కన ఆకేసి వేడన్నం పెడతా ఉండారు."