మిగుల్చుకున్న వంతెన

"దిగవేంరా? దాల్చినచెక్క రొట్టెల వాసన వీధిలోకి వచ్చేస్తుంటే!" అన్నాడు హార్లన్, హోటలు ముందు కారు దిగి.

"నువ్వెళ్ళి రా అన్నయ్యా. నాకు కడుపులో బాగాలేదు," అన్నాడు తమ్ముడు వెర్నన్. స్టీరింగు ముందునుంచి కదలకుండానే టోపీ కళ్ళమీదికి లాక్కున్నాడు.

"తీపి రొట్టె అంటే ప్రాణం పెట్టేవాడివి, నీకు కడుపునొప్పేమిటి? ఏటా కోతల రోజుల్లో బాతుల వేటకని పోయి ఒక్క బాతు మొహమైనా చూపించావా? ఇవాళ రొట్టె కూడా వద్దంటావు. ముసలాడివైపోయావురా!"

వెర్నన్ నవ్వేశాడు.

హార్లన్ వెనకసీట్లోంచి భార్య మార్లిస్ గడ్డిటోపీ తీసుకున్నాడు. దాని పక్కనున్న రేకుడబ్బాని మాత్రం కదపలేదు. అందులో ఉన్నది మార్లిస్ చితాభస్మం.

పెళ్ళయినప్పటినుంచీ మొగుడూ పెళ్ళాలకి ఒకటే సరదా. విత్తనాలు పడి, చేలు ఎదిగే రోజుల్లో కారేసుకుని అయోవా రాష్ట్రమంతా తిరిగేవారు. పాతకాలం కోర్టు భవనాలు, రైళ్ళు ఆగని స్టేషన్లు, నీళ్ళతో తిరిగే పిండిమరలు, ఏదీ వదల్లేదు. ఒకరు లేకుండా ఇంకొకరు ఏ ఊరూ చూడకూడదని ఒట్టు కూడా పెట్టుకున్నారు. ఎల్డర్‌ఫోర్డ్‌లో ఉన్న చెక్క పైకప్పున్న ఈ వంతెనని మాత్రం మార్లిస్ ఎప్పటికప్పుడు వాయిదా వేసేది. "దాన్ని ఆఖరికి మిగుల్చుకుందాం హార్లన్," అనేది. ఈ వసంతంలో మంచం పట్టాక, తన బూడిద ఆ వంతెన మీదనుంచే ఏట్లో కలపమంది. చూడని వంతెన మీద అంత మోజేమిటో హార్లన్‌కి అర్థం కాలేదు. అయినా సరేనన్నాడు. అతనికి కంటి ఆపరేషన్ అయింది కనక, కారు నేను నడుపుతానని వెర్నన్ బయల్దేరాడు. "నాకూ ఆ ఊరు కొత్తే. దారి అడుగుతూ పోదాం పద," అన్నాడు.

హోటల్లో కాఫీ పోసిన ఆవిడ పేరు లోర్నా. జుట్టు నెరిసింది గానీ నోరు చురుగ్గానే ఉంది.

"వంతెన చూడ్డానికేనా పెద్దాయనా?"

"ఊఁ."

"అయితే ఒక మాట వినండి. ఊరు దాటాక మొక్కజొన్న చేల మధ్య మలుపొస్తుంది. వంతెన కనపడదు, కానీ పక్కనే ఉంటుంది. ఒక్క బండే పడుతుంది దాని మీద. ఆ మలుపులోనే రెండుసార్లు హారన్ కొట్టండి, అవతలివాళ్ళు ఆగుతారు. బోర్డూ గీర్డూ ఏమీ ఉండదు. మాకైతే తెలుసు, కొత్తవాళ్ళకి మేమే చెప్పుకోవాలి. మొన్నెవడో తెలీక పోయి ట్రాక్టర్ని గుద్దేశాడు."

"బండి మా తమ్ముడు నడుపుతున్నాడు. చెప్తాలెండి," అంటూ హార్లన్ గడ్డిటోపీని ఎదురు కుర్చీలో పెట్టాడు.

లోర్నా చెయ్యి ఆగిపోయింది.

"ఇది మార్లిస్ టోపీ కదూ! ఈ గళ్ళ రిబ్బను ఇక్కడ కూర్చునే కట్టుకుంది. ఆవిడ రాలేదా?"

"మార్లిస్... ఈ ఊరెప్పుడూ రాలేదే!"

"భలేవారే! ఏటా మొక్కజొన్న కోతలప్పుడు మొగుడూ పెళ్ళాలిద్దరూ వచ్చేవాళ్ళు. రొట్టె ఒకటి, ఫోర్కులు రెండు. అదిగో, ఆ కిటికీ దగ్గరే. ఇంతకీ మీరావిడకి ఏమవుతారు? అన్నగారా?"

కోతలప్పుడు! హార్లన్ పగలూ రాత్రీ కోతయంత్రం మీదే ఉండే రోజులవి. మార్లిస్ డబ్యూక్‌లో అక్కగారింటికని వెళ్ళేది. కారులో పెట్రోలు పోయించి, జాగ్రత్తలు చెప్పి, తనే పంపించేవాడు.

"అన్ననే," అన్నాడు హార్లన్. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు. "ఆ... మొగుడు ఎలా ఉండేవాడు?"

"నెమ్మదస్తుడు. ఎంతసేపూ ఆవిడే మాట్లాడేది."

కాఫీ తాగకుండానే వచ్చి కార్లో కూలబడ్డాడు హార్లన్. మార్లిస్ గురించి విన్నదంతా తమ్ముడికి చెప్పాడు.

"ఆవిడెవరో పొరబడి ఉంటుందిలే," అన్నాడు వెర్నన్.

"టోపీ పొరబాటా? పేరు పొరబాటా? నిలువునా మోసం చేసిందిరా! నేను చేలో దుమ్ము తింటుంటే ఇక్కడ ఇంకొకడితో రొట్టె తిందా? వాడెవడో తెలిస్తే పీక పిసికేస్తాను!"

వెర్నన్ టోపీ అంచు సర్దుకున్నాడు. తర్వాత మెల్లగా, "చర్చిలో ఆర్గన్ వాయించే గోర్డన్ ఏమో. వదినకి పాటలంటే ఇష్టం కదా," అన్నాడు.

"అనుకున్నాను! అంత్యప్రార్థనలో నాకంటే పెద్దగా ఏడ్చాడు, దొంగవెధవ. కారు వెనక్కి తిప్పు. ఈ డబ్బా తీసుకెళ్ళి వాడి గుమ్మంలో పడేస్తాను."

"వద్దన్నయ్యా!" వెర్నన్ అన్న చెయ్యి పట్టుకున్నాడు. "తప్పే చేసిందనుకో, చచ్చిపోయిన మనిషి మీద కక్షేమిటి? ఆవిడ ఆఖరి కోరిక కాదనకు. నీ కాళ్ళు పట్టుకుంటాను."

హార్లన్ చాలాసేపు తలుపు వైపు తిరిగి కూర్చున్నాడు. చివరికి వెనక్కి వంగి రేకుడబ్బా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. కోపంతోపాటు కన్నీళ్ళు కూడా వచ్చాయి.

"పోనీ పద. ఈ లోకంలో నాకింక నువ్వొక్కడివేరా నమ్మకమైనవాడివి," అన్నాడు తమ్ముడి భుజం మీద చెయ్యేసి.

కారు ఊరు దాటింది. దారికి రెండువైపులా మొక్కజొన్న మనిషెత్తు ఎదిగి ఉంది. తమ్ముడికి ఏదో చెప్పాలనుకున్నాడు హార్లన్, ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. అంతలో మలుపు వచ్చింది.

వెర్నన్ రెండుసార్లు హారన్ కొట్టాడు.