గండశిలకు సరిపోని ఎండ

రెండు సూర్యుళ్లున్న లోకంలో ఒకటే చెరువు. దాని గట్టున గండశిల అనే రాకాసిబల్లి తరతరాలుగా తిష్ఠ వేసింది. నీళ్లకు వెళ్లిన జంతువు వెళ్లినట్టే దాని నోట్లో పడేది. మిగిలినవాళ్లు ఆకుల మీది మంచు నాకి బతుకుతున్నారు.

చెల్లెలు దాహంతో సోలిపోతుంటే చురికి అనే కుందేలు ఊరుకోలేకపోయింది. పదిహేను రోజులు గుట్టెక్కి బల్లిని గమనించి, దుప్పి అవ్వ దగ్గరికి పరుగెత్తింది.

"అవ్వా, ప్రతి ఐదో రోజూ ఒక్క సూర్యుడే వస్తాడు. ఆ ఎండ చాలక గండశిల తోకైనా కదపదు. మూడుసార్లు చూశాను. రేపే వెళ్దాం!"

"రేపు ఒంటిపొద్దే పిల్లా! ఒక్కపూటే తిని ఇంట్లో ఉండాలి, గడప దాటితే అరిష్టం."

"మరి నీళ్లకెళ్లిన మీ అవ్వని బల్లి మింగింది ఏ రోజు?"

అవ్వ నసిగింది. "రెండు పొద్దులనాడే."

మర్నాడు చురికి చెల్లెల్ని వీపున వేసుకుని, బల్లి ముక్కు ముందు నుంచి నడిచింది. గండశిల కన్ను వాళ్ల వైపు తిరిగింది కానీ కాలు లేవలేదు. చెల్లెలు గటగటా తాగింది.

వెనక గిట్టల చప్పుడైంది. అడవంతా వస్తోంది, అందరికంటే ముందు దుప్పి అవ్వ.

"ఒంటిపొద్దు తిండికే కదే, నీళ్లకు కాదుగా!" అంటూ చెరువులో మూతి పెట్టింది.