ఎదురు కుర్చీలో అతిథి

వీఆర్ కళ్లద్దాలు తీయగానే రుయున్ చేతులు వణికాయి.

ఆ కళ్లద్దాల్లో అతిథికి టీ పోసే సాధనలో ఆమెకు ఎప్పుడూ పూర్తి మార్కులే. అక్కడ నీళ్లు మరుగుతాయి కానీ కాలవు. అతిథి నవ్వుతూనే ఉంటాడు.

"అందులో మహారాణిలా పోస్తావు. నిజం కెటిల్ చూస్తే పిల్లిని చూసిన ఎలుకవి!" అంది తాన్ టీచరు. "పరీక్షలో ఎదురుగా కూర్చునేది మనుషులమ్మా."

రుయున్ చొక్కా చేతిని కిందికి లాక్కుంది. చిన్నప్పుడు వేడినీళ్లు పడ్డ మచ్చ మోచేతిదాకా ఉంది.

ఆ మధ్యాహ్నం ఒంటరిగా సాధన చేస్తుంటే టీ ఆకు నానబెట్టే మూతగిన్నె జారి భళ్లున పగిలింది.

గుమ్మంలో ఎవరో ముసలాయన. వుయీ కొండల మీద వాన దంచుతుంటే కళాశాల వరండాలోకి వచ్చినట్టున్నాడు.

"గిన్నె పోతే పోయింది. టీ ఏదీ?"

"నేను చేస్తే బాగుండదు తాతగారూ."

"అది తాగేవాడు కదా చెప్పాలి!"

వచ్చి ఎదురు కుర్చీలో కూర్చున్నాడు.

రుయున్ ఇంకో గిన్నె తీసింది. సగం టీ బల్లపాలైంది. మిగిలింది ఆయన ఆఖరి చుక్కదాకా తాగాడు.

"చేదుగా ఉందా?"

"విషంలా ఉంది. ఇంకో కప్పు పొయ్యి."

ఆమెకు నవ్వాగలేదు. నవ్వుతూ పోస్తే చెయ్యి అంతగా వణకలేదు.

మర్నాడు వాన లేదు. అయినా వచ్చాడు. ఆ తర్వాతా వస్తూనే ఉన్నాడు.

"కళ్లద్దాల్లో అతిథి ఎంచక్కా నవ్వుతాడు. మీరేమో మొహం చిట్లిస్తారు" అందొకరోజు.

"వాడికేం, తాగేది ఉంటేగా! పద్ధతంతా అక్కడే నేర్చుకున్నావు, సంతోషం. భయం మాత్రం ఇక్కడ వదిలించుకో."

పరీక్ష రోజున రుయున్ ఆవిరిని చూడలేదు. ఎదుటి మనిషి ముఖం చూస్తూ పోసింది. పాసైంది.

మంచి ఆకు తీసి, నీళ్లు మరిగించి, సాయంత్రందాకా ఎదురుచూసింది. కుర్చీ ఖాళీగానే ఉంది.

"ఆ తాతగారు ఇక రారమ్మా" అంది తాన్ టీచరు. "మధ్యాహ్నం బస్టాండులో కనిపించారు. కూతురి దగ్గరికి షియామెన్ వెళ్లిపోతున్నారు. నువ్వు పాసయ్యావని చెబితే నవ్వుకుంటూ బస్సెక్కారు."

"ఇంతకీ ఎవరు టీచర్ ఆయన?"

తాన్ టీచరు ఆశ్చర్యంగా చూసింది.

"తెలియదా? గావ్ హ్వైమిన్! ఈ కొండల్లో టీ రుచి చూసి ధర తేల్చిన మనిషి. బాగాలేని టీ నోట పడితే ఉమ్మేయడమే తప్ప, జన్మలో ఒక్క గుక్కయినా మింగి ఎరగరు."